సొసైటీ వెల్లుల్లి

సొసైటీ సభ్యులగు రైతు సోదరులకు ఒక పూలమొక్కనుగూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని కొంతకాలముగా హిందూపురము సంతలోను, పెనుకొండ, ధర్మవరము గ్రామములలోను మమ్ము తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, తెల్లగడ్డ వాసనగల పూలమొక్కను బెంగుళూరినుండి తెచ్చుచున్నారు గదా. పేరుకూడ సొసైటీ వెల్లుల్లియట. నీరు కొంచెమైనను చాలునట. ఎకరమున పెట్టితిమేని లాభము కలుగునా?" ఒక్కొక్కరికి వేర్వేరుగా చెప్పుటకంటె అందఱికిని ఒక్కమాఱు చెప్పుట మేలని తలచి, మా యభిప్రాయమును ఈ పత్రికలో వ్రాయుచున్నాము.

ఈ మొక్క దక్షిణాఫ్రికా దేశమునకు చెందినది. శాస్త్రజ్ఞులు దీని జాతిని తుల్బాగియా అందురు. కేప్ ప్రాంతమున డచ్చివారి గవర్నరుగానుండిన రైక్ తుల్బాగ్ అను నతడు అచ్చటి మొక్కలను, జంతువులను స్వీడను దేశపు పండితుడగు లినేయసుకు పంపుచుండెను. ఆ కృతజ్ఞతతో లినేయసు 1771వ సంవత్సరమున ఈ జాతికి అతని పేరు పెట్టెను. సన్నని యాకులు గుబురుగా పెరుగును. పొడవైన కాడ చివర లేత ఊదారంగు పూలు గుత్తిగా పూయును. ఆకును నలిపినచో తెల్లగడ్డ వాసన కొట్టును. దీనిని తినినను నోటికి వాసన అంతగా అంటదనియు, నలుగురు కూడు చోటికి నిస్సంకోచముగా పోవచ్చుననియు ఇంగ్లీషువారు దీనికి సొసైటీ గార్లిక్ అని పేరిడిరని చెప్పుదురు. అంతియే కాని మన పరపతి సంఘమునకును దీనికిని ఏ సంబంధమును లేదు.

ఇక దీని గుణము చెప్పెదము. ఒకసారి నాటుకొన్నపిమ్మట ఎండకు తాళును. గుబురును చీల్చి పిలకలను నాటిన చాలును, విత్తనముతో పనిలేదు. ఆకులు, పూలు కూరలో వేసికొనవచ్చును. దక్షిణాఫ్రికాలో జూలూ ప్రజలు పాములు రాకుండుటకై ఇండ్లచుట్టు దీనిని నాటుదురని చెప్పుదురు. దానిని నమ్మి రాత్రివేళ లాంతరు లేక పొలమునకు పోవలదని మాత్రము మనవి. బావిగట్టునను, బడిముంగిటను వరుసగా పెట్టినచో కంటికి ఇంపుగానుండును. కాని దీని దుంప సన్నగానే యుండును. తెల్లగడ్డవలె పాయలు కట్టదు. పాయలు కట్టనిదానిని మండీలో తూకము వేయువారెవరు? పూలమొక్కలను కొనువారు నగరములోని తోటలవారు. వారికి కుండీలతో ఇచ్చు నర్సరీవారు వారి దాపుననే కలరు. కావున దీనిని ఎకరములలో పెట్టుట తగదు. నాలుగు పిలకలు పెరటిలో పెట్టుకొని సంతోషించుడు.

ఇంతటితో ప్రశ్న తీరినది. కాని దీనివలన నేర్వదగిన పాఠము వేఱొకటి కలదు. వాసన యొక్కటైనంతమాత్రమున పంట యొక్కటి కాదు. ఈ మాటను మేము పరులకు చెప్పుటకు ముందు మేమే నష్టపడి నేర్చుకొంటిమి.

కొన్నియేండ్ల క్రిందట ఒక అంగడిలో ఉత్తరపు కొండసీమలనుండి వచ్చిన తెల్లగడ్డలను చూచితిమి. పాయ యొక్కొక్కటి బొటనవ్రేలంత యుండెను. పెద్ద విత్తు పెద్ద గడ్డనిచ్చునని తలచి, పదికిలోలు కొని, పెనుకొండ సమీపమున ఒక రైతుచేత అయిదు సెంట్లలో నాటించితిమి. మొలక చక్కగా వచ్చెను. ఆకు మోకాలివఱకు పెరిగెను. దారినిబోవువారు నిలిచి చూచిరి, మేమును గర్వించితిమి. ఫిబ్రవరిలో పెరికి చూడగా క్రింద ఉల్లికాడవంటి తెల్లని మొదలు తప్ప పాయ యనునది లేదు. ఆ రైతు మమ్ము దూషింపలేదు. "అయ్యా, ఆకు మాకు, గడ్డ నేలతల్లికా?" అని మాత్రము అడిగెను. ఆ కాడలను ఎనుమునకు వేయగా పాలకు వాసన పట్టెనని ఇంటివారు కోపపడిరి. నాలుగు నెలల బోరు నీరు, అయిదు సెంట్ల మంచి నేల, ఒక కుటుంబపు కష్టము మా తొందరపాటువలన వృథాయైనవి.

కారణము పగటి పొడవున నున్నది. తెల్లగడ్డ రకములు రెండు విధములు. కాశ్మీరము, హిమాచలప్రదేశము వంటి చోట్ల పెరుగు రకములకు దీర్ఘమైన చలియు, పిదప దీర్ఘమైన పగలును కావలెను. కాశ్మీరమున వేసవిలో పగలు పదునాలుగు గంటలు దాటును. మన హిందూపురమున సంవత్సరములోని మిక్కిలి పెద్ద పగలుకూడ పదమూడు గంటలకు మించదు. మనము నాటు చలికాలములోనో, పదకొండున్నర గంటలకు లోపుగనే యుండును. ఆ రకమునకు గడ్డ కట్టు సమయము వచ్చినదను తెలివియే కలుగదు. దానికి ఎరువు వేసినను, మందు చల్లినను ఫలము లేదు. మైదానములకు తగినవి హ్రస్వమైన పగటికి గడ్డ కట్టు రకములు. పూనాకు దాపుననున్న రాజగురునగరమందలి కేంద్ర ప్రభుత్వపు ఉల్లి, వెల్లుల్లి పరిశోధనాలయము విడుదల చేసిన భీమ ఓంకార్, భీమ పర్పుల్ అనునవియు, యమున సఫేద్ అనునదియు అట్టివి.

రెండవ చిక్కు మఱియొకటి కలదు. తెల్లగడ్డకు రాగులకువలె, చెనిక్కాయలకువలె గింజ విత్తనము లేదు. నాటునది పాయయే. అనగా తల్లిగడ్డలోని వైరసు, తెగులు, పురుగు పాయతోనే పిల్లకు వచ్చును. ఊరు పేరు తెలియని గడ్డను కొని నాటువాడు దాని రోగమునుకూడ డబ్బిచ్చి కొనుచున్నాడు. చీనాదేశపు తెల్లగడ్డ దిగుమతిని మన ప్రభుత్వము 2014లో నిషేధించుటకు శిలీంధ్రపు తెగులు భయమే కారణము.

ఇక మా యభిప్రాయము. విత్తనపు తెల్లగడ్డ ఒంటరి రైతు తెచ్చుకొనదగిన సరుకు కాదు. ఎకరమునకు సుమారు రెండు క్వింటాళ్ల పాయలు కావలెను. విత్తనమునకే అంత పెట్టుబడి పెట్టి రకము తప్పినచో అప్పే మిగులును. కావున సొసైటీయే ముందుగా సభ్యులవద్ద పేర్లు వ్రాసికొని, పరిశోధనాలయము నుండియో, వారు చూపిన చోటినుండియో, రకము తెలిసిన గడ్డను సెప్టెంబరులోపల తెప్పింపవలెను. సభ్యునికి పదికిలోలకు మించి ఈయరాదు. అది అయిదు సెంట్లకు చాలును. పంట వచ్చినపిమ్మట సభ్యుడు పదికి పదునైదు కిలోలు మంచి గడ్డలనేరి తిరిగి చెల్లింపవలెను. నిలువలో ఎండి తఱుగుపోవుట తప్పదు గనుక ఆ అయిదు కిలోలు ఎక్కువగా తోచవలదు. రెండు మూడేండ్లలో సొసైటీకి సొంత విత్తనము నిలుచును.

"ధర బాగున్నప్పుడు అయిదు సెంట్లేమి, అయిదెకరములు పెట్టరాదా?" అని కొందఱు ప్రశ్నింపవచ్చును. 2024 ఆరంభమున చిల్లర అంగళ్లలో కిలో నాలుగువందల రూపాయలు దాటుట అందఱికిని జ్ఞాపకమే. అంతకు రెండేండ్ల ముందు, 2022లో, తెల్లగడ్డకు పేరుపొందిన మధ్యప్రదేశ్‌లో రైతులు కూలి గిట్టక పంటను పారబోసినది మాత్రము తక్కువమందికి జ్ఞాపకము. ధరను చూచి నాటువాడు, అదే ధరను చూచి నాటిన వేలమందితో కూడ మండీకి చేరును. మన జిల్లాయో, సాలుకు అయిదువందల యేబది మిల్లిమీటర్ల వానకు అటునిటుగా కన్నులు కాయలు కాచునట్లు చూచు సీమ. వారమునకొక తడి కోరు పైరును ఎకరములకొలది పెట్టి బోరు ఎండగొట్టుకొనుట వివేకము కాదు.

అందఱి పొలములును ఒక్కటి కావనికూడ తెలియవలెను. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల యెత్తున నున్నది, ధర్మవరము 345 మీటర్లు మాత్రమే. హిందూపురమువైపు రాత్రి చలి ఈ పైరుకు అనుకూలము. ధర్మవరమువైపు ఎండ ముందుగా ముదురును గనుక అచ్చటివారు మొదటియేట ఒక్క సెంటులో చూచికొని పిదప అయిదు సెంట్లకు పోవుట మేలు. నీరు నిలుచు నల్లరేగడిలో నెచ్చటను పెట్టవలదు.

సేద్యము సంగ్రహముగా చెప్పెదము. అక్టోబరు, నవంబరు నెలలలో, బాగుగా మ్రాగిన పశువుల ఎరువు కలిపిన ఎఱ్ఱనేల మడులలో నాటవలెను. గడ్డచుట్టునుండు పెద్ద పాయలనే తీసి, నడుమనున్న సన్న పాయలను వంటకు వాడుకొనవలెను. మొనను పైకి పెట్టి రెండంగుళముల లోతున, జేనెడులో రెండు మొక్కలు వచ్చునట్లు ఎడము విడువవలెను. ఆకులు పసుపువాఱి తలవాల్చగానే తడి ఆపి, పది పదునైదు దినములకు పెఱుకవలెను. ఆకులతోనే నీడలో వారము దినములు ఆరవేసి, గుత్తులుగా కట్టి గాలి తగులు చోట వ్రేలాడదీయవలెను. ఎరువుల బస్తాలుండు మూసిన గిడ్డంగిలో పోసినచో కుళ్లును. సొసైటీలు తమ గిడ్డంగిలో కిటికీ గల ఒక మూలను వెదురు దడులతో ఇందులకై వేఱుచేయుట పెద్ద ఖర్చు కాదు.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో, ఐగుప్తునుండి వెడలిన ఇశ్రాయేలీయులు ఎడారిలో ఉల్లికిని, వెల్లుల్లికిని వగచిన కథను విని నవ్వుకొంటిమి. తెల్లగడ్డ ధర పెరిగిన యేట, కూలికి పోవు ఇల్లాలు ఊరిబిండిలో ఒక్క పాయతో సరిపెట్టుకొని సంకటి పెట్టగా చూచినపిమ్మట ఆ నవ్వు పోయినది. అయిదు సెంట్ల మడి ఎవరిని ధనవంతుని చేయదు. కాని పదింతలు పండినను నూఱుకిలోలు. ఇంటికి సాలుగ్రాసము, సొసైటీకి విత్తనము, మిగిలినది సంతకు.

ఊదాపూల మొక్కను కాదనము, బావిగట్టున పూయనిండు. సొసైటీ వెల్లుల్లి యను పేరు మాత్రము దానికి విడిచిపెట్టుటకు మాకు మనసొప్పకున్నది. రకమెఱిగి నలుగురు కలిసి తెచ్చి, నలుగురు నాటి, నలుగురి సొత్తుగా మఱుసటి యేటికి దాచిన తెల్లగడ్డయే ఆ పేరునకు తగినది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును సభ్యులు ప్రస్తావించి, సెప్టెంబరు దాటకముందే తీర్మానము చేయుదురుగాక యని కోరుచున్నాము.