బిడ్డకు ఒడి ఒక్కటే చాలదు

అల్జీరియాలో 2010లో పుట్టిన ఒక ఆడశిశువును పుట్టగానే వదిలివేశారు. కన్నవారెవరో తెలియదు. బ్రిటన్‌లో స్థిరపడిన ఫ్రెంచి పౌరులైన దంపతులు ఆ బిడ్డను పెంచుకోవడానికి ముందుకు వచ్చారు. 2011లో అక్కడి న్యాయస్థానం ఇస్లామీయ పద్ధతిలో ఆ పాప కఫాలత్‌ను, అంటే పోషణ, రక్షణ బాధ్యతను, వారికి అప్పగించింది. ఉద్యోగం కోసం భర్త బ్రిటన్‌కు తిరిగి వెళ్లాడు. పాపను విడిచి రాలేక భార్య అల్జీరియాలోనే ఉండిపోయింది. పాపకు ప్రవేశానుమతి ఇమ్మని 2012లో అడిగితే, కఫాలత్ దత్తత కాదు కాబట్టి కుదరదన్నారు. వ్యాజ్యం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా, అక్కడి నుంచి లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం దాకా నడిచింది. 2019 మార్చి 26న తీర్పు వచ్చింది. కఫాలత్ బిడ్డ సొంత సంతానం కిందికి రాదట. అయినప్పటికీ కుటుంబ జీవితాన్నీ బిడ్డ మేలునూ గమనించి ప్రవేశానికి వీలు కల్పించాలట. అప్పటికి ఆ పాపకు తొమ్మిదో ఏడు నడుస్తున్నది.

మెదక్‌లో కూర్చుని లక్సెంబర్గ్ తీర్పు గురించి రాయడమెందుకని పాఠకులు అడగవచ్చు. మన పట్టణం నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు తక్కువేమీ కావు. పిల్లలు లేని దంపతులు అన్న బిడ్డనో చెల్లెలి బిడ్డనో పెంచుకోవడమూ మనకు కొత్త కాదు. బిడ్డను వెంట తీసుకుపోదామనుకున్న రోజున వీసా కార్యాలయం అడిగేది ఒకే మాట: ఈ బిడ్డ మీకేమవుతుంది? దానికి జవాబు చెప్పే కాగితం మన చేతిలో ఉండదు.

విదేశం దాకా పోనక్కరలేదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో వారసుల ధ్రువపత్రాల దస్త్రాలు ఎన్నో నా బల్ల మీదుగా పోయాయి. ఒక దస్త్రం మాత్రం మరపునకు రాదు. ఇరవై ఏళ్లు అబ్బా, అమ్మీ అని పిలిచి, ఇద్దరినీ చివరిదాకా సాకిన అమ్మాయి పేరు దరఖాస్తులో ఎక్కడా లేదు. మరణించినవారి సోదరుల కుమారుల పేర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. వారు చట్టవిరుద్ధంగా ఏమీ చేయలేదు. షరీఅత్ ప్రకారం కూడా పెంపుడు బిడ్డ వారసురాలు కాదు. కానీ ఆ పెద్దాయన బ్రతికుండగా ఒక వసీయత్ రాయలేదు, ఒక హిబా చేయలేదు. రాయమని మసీదులో గానీ మహల్లాలో గానీ ఆయనకు చెప్పినవారు లేరు. ఇందుకు బాధ్యులు ఎవరు?

మన వేదికల మీద ఈ ప్రస్తావన వస్తే వినపడేది ఒకే వాక్యం: ఇస్లాంలో దత్తత లేదు. అంతటితో చర్చ ముగుస్తుంది. ఆ మాటలో సగమే నిజమున్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) జైద్ బిన్ హారిసాను సొంత బిడ్డ వలె పెంచారు. అహ్జాబ్ సూరా నాలుగు, అయిదు ఆయతులు వచ్చిన తర్వాత మారినది పిలుపు మాత్రమే. పెంపకం కాదు, ప్రేమ కాదు. బిడ్డను కన్నతండ్రి పేరుతో పిలవాలన్నది ఆదేశం. తండ్రి ఎవరో తెలియని బిడ్డ ధర్మంలో మీ సోదరుడన్నారు తప్ప, వదిలివేయమనలేదు. మర్యమ్ (అలైహిస్సలామ్) పోషణను జకరియ్యా ప్రవక్తకు అప్పగించిన సందర్భంలో ఖుర్ఆన్ వాడిన క్రియ కఫాలత్ అన్న మాటకు మూలమైన ధాతువు నుంచి వచ్చినదే. పరదా చిక్కు వస్తుందనేవారికి రిజాఅత్, అంటే పాలబంధం, ఫిఖహ్‌లో ఉండనే ఉన్నది. రెండేళ్ల లోపు శిశువుకు పాలిచ్చిన తల్లి తల్లే. ఇన్ని ద్వారాలు తెరిచి ఉంటే మనం మూసిన ఒక్క తలుపు దగ్గరే నిలబడి ఉపన్యాసాలిస్తున్నాము.

ఈ మొండితనానికి చరిత్ర ఉన్నది. 1972లో అందరికీ వర్తించే దత్తత బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు ముస్లిం సమాజం దానిని వ్యతిరేకించింది. ఆ కదలికలోనే 1973లో మన హైదరాబాదులో ముస్లిం పర్సనల్ లా బోర్డు ఏర్పడింది. వంశాన్ని చెరిపివేసే దత్తతను మన నెత్తిన రుద్దవద్దని అడగడం న్యాయమే, నేటికీ న్యాయమే. అయితే వద్దన్నదానికి బదులుగా కావలసినది ఏమిటో రాసి, చట్టసభ ముందు పెట్టవలసిన పని ఈ అర్ధశతాబ్దంలో పూర్తి కాలేదు. 2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హాష్మి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు కూడా బోర్డు కఫాలత్ గురించి వాదించింది. బాలల న్యాయ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చని, అది ఐచ్ఛికమే తప్ప నిర్బంధం కాదని న్యాయస్థానం తేల్చింది. బలవంతం లేదని సంతోషించి మనం ఇంటికి వచ్చేశాము. బిడ్డ సంగతి అక్కడే మిగిలిపోయింది.

ఇప్పుడు మన ముందున్నవి రెండే దారులు. ఒకటి బాలల న్యాయ చట్టం. దాని ప్రకారం బిడ్డకు కన్నవారితో బంధం పూర్తిగా తెగిపోతుంది. రెండవది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ సంరక్షకత్వం ముగుస్తుంది. పద్దెనిమిదేళ్ల మరునాడు ఆ అమ్మాయి వారికేమవుతుంది? పరాయిది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ఇరవయ్యో అధికరణలో కఫాలత్ పేరు స్పష్టంగా ఉన్నది. 1992లో భారతదేశం ఆ ఒడంబడికలో చేరింది. మరి ఆ పేరు మన దేశ చట్టంలోకి ఎందుకు రాలేదు? మైనారిటీల గురించి మాట్లాడే ఏ పార్టీ కూడా ఈ ప్రశ్న వేయలేదు. ఉమ్మడి పౌరస్మృతి వస్తే అన్నీ చక్కబడతాయనే పెద్దమనుషులు అసలే వేయరు.

మూడవ దారి ఒకటి ఉన్నది, అది నేరాల దారి. ఆసుపత్రిలో ఆయా చేతి మీదుగా బిడ్డను తెచ్చుకోవడం. పుణ్యానికే కదా అంటారు. 1999లో, 2001లో నల్లగొండ జిల్లా లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు కొని, హైదరాబాదు హోముల ద్వారా విదేశీయులకు దత్తతకు చేర్చిన వ్యవహారం మన కళ్ల ముందే బయటపడింది. ప్రభుత్వం 2001లో పేదరికం పేరిట బిడ్డలను వదులుకోవడాన్ని నిషేధించింది. అప్పటికే బిడ్డ కోసం దస్త్రాలు పెట్టుకున్న అమెరికా దంపతులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అలాంటి వివాదమొకటి 2005లో సుప్రీంకోర్టుకు చేరింది. అటు సముద్రాల కవతల ఖాళీ ఊయల, ఇటు తండాలో ఖాళీ ఒడి. నడుమ లాభపడినది దళారి. సరైన విచారణ లేకుండా బిడ్డ చేతులు మారిన ప్రతి చోటా వాడికి చోటుంటుంది. నేటి చట్టం ప్రకారం అనాథ శిశువును పద్ధతి తప్పి ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. మంచి మనసుతో చేశామంటే పోలీసులు వినరు.

కాబట్టి బోర్డు పెద్దలను, రాష్ట్ర మైనారిటీ కమిషన్‌ను మనం అడగవలసినది ఇది: వంశనామం మార్చకుండా, పద్దెనిమిదేళ్లతో ముగియకుండా, పాస్‌పోర్టు, వీసా కార్యాలయాలు గుర్తించే కఫాలత్ ఉత్తర్వుకు ముసాయిదా సిద్ధం చేయండి. ఉలమా, న్యాయవాదులు కలిసి కూర్చుంటే అది అసాధ్యమైన పనేమీ కాదు. ప్రతి జుమాలో యతీముల గురించి చెప్పే ఖతీబ్ సాహెబులు ఒక్క జుమానైనా వసీయత్ గురించి చెప్పాలి: వారసులు కానివారికి మూడింట ఒక వంతు వరకు రాయవచ్చు, బ్రతికుండగా స్వాధీనం చేసి హిబాగా ఎంతైనా ఇవ్వవచ్చు.

అంతవరకు చట్టం ఇచ్చిన దారినే వాడుకోదలచిన దంపతులు ఆలస్యం చేయవద్దు. కేంద్ర దత్తత సంస్థ పోర్టల్‌లో నమోదైన తర్వాత నిరీక్షణ మూడేళ్లకు పైగా ఉంటున్నది. వివాహమై రెండేళ్లు నిండి ఉండాలి. రెండేళ్లలోపు శిశువు కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. చాలామంది ఇక్కడే ఓడిపోతున్నారు. ఒకప్పుడు ప్రతి పనికీ సంగారెడ్డి వెళ్లవలసి వచ్చేది. 2016 నుంచి మెదకే జిల్లా కేంద్రం. 2022 నుంచి దత్తత ఉత్తర్వుపై సంతకం చేసేది కలెక్టరే. నికాహ్‌నామా, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, వైద్య ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకుని కలెక్టరేట్‌లోని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. దరఖాస్తు నింపడానికి తోడు కావలసినవారు అస్ర్ నమాజు తర్వాత నన్ను కలవవచ్చు.