హైబ్రిడ్ కారు – పొదుపుకా, పరుగుకా?

మన కంకిపాడులో హైబ్రిడ్ అన్న మాట వినగానే పెద్దలకు విత్తనాల కొట్టు గుర్తుకు వస్తుంది. రెండు రకాలను సంకరపరచి, రెండింటి మంచి గుణాలనూ ఒకే మొక్కలోకి తెచ్చుకుంటాం. హైబ్రిడ్ కారులో కలిసేవి పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు. మొన్న తరగతిలో దీని సంగతి చెబుతుంటే వెనక బెంచీ నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది: "ఎంత స్పీడు వెళ్తుంది మాస్టారూ?"

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టను. ఆ దృష్టితోనే పెద్ద కంపెనీ ఒకటి కారు తయారు చేసింది కూడా. అమెరికాలో 2005 మోడలుగా వచ్చిన హోండా అకార్డ్ హైబ్రిడ్ అది. చూడటానికి మామూలు కుటుంబపు కారే. కాని లోపల ఆరు సిలిండర్ల, 3 లీటర్ల ఇంజను. దానికి తోడు సుమారు 16 అశ్వసామర్థ్యం గల మోటారు. మోటారు లేని ఆరు సిలిండర్ల అకార్డ్‌కు 240 అశ్వసామర్థ్యం ఉంటే దీనికి 255. బండి తేలికగా సాగేటప్పుడు మూడు సిలిండర్లు పని మానుకునే ఏర్పాటు కూడా ఉంది. తెలివైన యంత్రమే! అయినా కొన్నవారు తక్కువ. 2007 మోడలుతో ఆపివేశారు.

అది పోయినందుకు నాకు విచారం లేదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మనుషులతో కలిపి 1500 కిలోల కారు బందరు రోడ్డు మీద గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజశక్తి 3,00,000 జౌళ్లు. వేగం సగమైతే 75,000 జౌళ్లే. మామూలు కారులో బ్రేకు వేస్తే ఇదంతా వేడిగా మారి గాలిపాలవుతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని బ్యాటరీలో దాస్తుంది. గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

కాని 16 అశ్వసామర్థ్యమంటే సుమారు 12 కిలోవాట్లు, సెకనుకు 12,000 జౌళ్లు. దూకుడుగా వచ్చి గంగూరు దగ్గర గేదె అడ్డం వచ్చిందని 5 సెకన్లలో ఆపితే జనరేటరు పుచ్చుకోగలిగేది మహా అయితే 60,000 జౌళ్లు, అయిదో వంతు! మిగిలినదంతా మళ్లీ వేడే. ముందుగానే చూసుకుని నెమ్మదిగా ఆపేవాడికే ఎక్కువ దక్కుతుంది. పరుగు కోసం కొన్నవాడు అలా నడుపుతాడా?

ఇంకొక మాట. కదిలే మొదటి క్షణం నుంచీ మోటారు బలంగా లాగుతుంది. కనుక ఇంజనును చిన్నది చేసుకోవచ్చు, పొదుపు చాలావరకు అక్కడే పుడుతుంది. అకార్డ్‌లో పెద్ద ఇంజనును అలాగే ఉంచి, మోటారును పైన ముద్దపప్పులో నెయ్యిలా వేశారు. 2022లో మన దేశంలో అదే కంపెనీ విడుదల చేసిన సిటీ హైబ్రిడ్ చూడండి. ఇంజను 1.5 లీటర్లు, మొత్తం సామర్థ్యం 126. ఊళ్లో తిరిగేటప్పుడు చాలావరకు ఇంజను కరెంటు తయారుచేస్తే మోటారే చక్రాలను తిప్పుతుంది. పరీక్షలో లీటరుకు 26.5 కిలోమీటర్లు వచ్చిందని ప్రకటించారు. మన రోడ్డు మీద అంత రాకపోవచ్చు, అది వేరే సంగతి.

"కారు మాది కాదుగా, మాకెందుకు?" అంటారేమో. మనం వాడే ముడి చమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా దిగుమతే. పొగ మాత్రం సైకిలు మీద బడికి వచ్చే మీరూ పీలుస్తారు.

రేపు బస్టాండు దగ్గర కాసేపు నిలబడి చూడండి. అనుభవమున్న డ్రైవరు స్టాపు చాలా దూరం ఉండగానే యాక్సిలరేటరు మీద కాలు తీస్తాడు. ఆపైన ఈ లెక్క చేయండి: అదే 1500 కిలోల కారు సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చి 5 సెకన్లలోనే ఆగితే, 12 కిలోవాట్ల జనరేటరు పట్టుకోగా ఎన్ని జౌళ్లు వేడిగా పోతాయి?