పెన్సిల్ రాతల సాక్ష్యం
కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడితే పాఠకుల మనసులోని మాట పుస్తకాల ఒంటిమీదే కనిపిస్తుంది. 1965లో ‘సందేశ్’ పత్రికలో సత్యజిత్ రాయ్ మొదలుపెట్టిన డిటెక్టివ్ ఫెలూదా కథల సంపుటి ఒకటి చేతికి తీసుకున్నాను. అట్ట ఊడింది, మూలలు మెత్తబడ్డాయి, లోపల ముగ్గురు పిల్లల పేర్లు, మూడు చేతిరాతలు. ఇంతకన్నా నిజాయితీ గల సమీక్ష ఏ విమర్శకుడు రాయగలడు? పదమూడేళ్ల, పద్నాలుగేళ్ల పిల్లల కథలకు పిల్లల మాటే తీర్పు, పెద్దలం అడ్డుపడకూడదు. పక్కనే ఓ ఆరోగ్య పుస్తకం. షుగరు చిట్కా పక్కన ఎవరో పెన్సిల్‌తో ‘నాకు పనిచేసింది’ అని రాశారు. అబద్ధం కాకపోవచ్చు, కానీ ఒకరికి తగ్గిందని అందరికీ అదే మందు కాదు కదా! అది నమ్మి మాత్రలు మానేస్తే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఇలాంటి పుస్తకంలో ముందు రెండు చూస్తాను: ఎప్పుడు అచ్చయింది, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో చెప్పిందా లేదా. డేవిడ్ వెర్నర్ రాసిన ఆరోగ్య పుస్తకం ‘వేర్ దేర్ ఈజ్ నో డాక్టర్’ పేరులోనే డాక్టరు లేడు, అయినా ఆ హెచ్చరిక అడుగడుగునా ఉంటుంది. ఈ కొట్లోని పుస్తకంలో రెండూ లేవు. దాన్ని అక్కడే పెట్టేసి ఫెలూదాను కొనుక్కున్నాను.