వాసన వస్తోందంటే నమ్మరేం?

వంటింట్లో గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలో మనకి ఒకరు నేర్పనక్కర్లేదు. రెగ్యులేటరు కట్టేస్తాం. కిటికీలు బార్లా తెరుస్తాం. లైటు స్విచ్చి జోలికి పోం. పిల్లల్ని వీధిలోకి తరిమేసి, 1906కి ఫోన్ చేస్తాం. అవతలివాళ్ళు "మీ సిలిండరు ఏ తారీఖున తయారైందమ్మా? మీలాగా ఇంకెంతమందికి వాసన వచ్చింది?" అని ఆరాలు తియ్యరు. అసలు ఆ గ్యాసుకి సహజంగా చెప్పుకోదగ్గ వాసనే లేదు. లీకయితే ఇంట్లోవాళ్ళు పసిగట్టాలని కంపెనీలే పనిగట్టుకుని అందులో మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతాయి. ఇల్లాలి ముక్కు మీద వాళ్ళకి అంత నమ్మకమన్నమాట!

అదే ముక్కు కారులో కూర్చుని "పెట్రోలు వాసన వస్తోంది" అంటే మాత్రం దాని పరువు కాస్తా పోతుంది. ముందు ఇంట్లోవారే నమ్మరు. "పొద్దున బంకుకి వెళ్ళాం కదా, బట్టలకి పట్టుంటుందిలే" అంటారు శ్రీవారు. సర్వీస్ సెంటరుకి తీసుకెళితే అక్కడి కుర్రాడు కారుకి కంప్యూటరు తగిలించి, "ఎర్రర్ కోడేమీ రాలేదండీ మేడమ్" అంటాడు. ఆ కంప్యూటరుకి ముక్కు లేదు బాబూ అంటే నవ్వుతాడు. చివరికి, "ఈసారి సార్‌ని పంపించండి మేడమ్" అని సాగనంపుతాడు. సార్‌ వారం తర్వాత వెళ్ళి అదే మాట చెప్తే బానెట్టు ఎత్తుతారు. అప్పుడైనా తప్పు కారుది కాదు. "ఎలుక కొరికిందండీ", లేకపోతే "ఎండలో పెట్టుంటారు", అదీ కాకపోతే "ట్యాంకు మరీ నిండుగా పోయించుకుంటున్నారు". ఎలుకలు గొట్టాలు కొరకవని నేననను, మా అపార్ట్‌మెంటు ఎలుకలు దేన్నైనా కొరకగలవు. కానీ చూడకముందే ఎలుక పేరు చెప్పేస్తే ఎలా?

ఇదేదో ఆడవాళ్ళ అభిమానం కథ అనుకుని తీసిపారెయ్యకండి. పెట్రోలు సంగతి వేరు. మైనస్ నలభై డిగ్రీల చలిలో కూడా దాని ఆవిరి అంటుకోగలదు. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఆవిరి కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి భగ్గుమంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి లేచి పోదు. నేలబారుగా పాకి, పల్లంగా ఉన్నచోట చేరి నిలుస్తుంది. మన ఊళ్ళలో పల్లంగా ఉన్న చోటంటే ఏది? అపార్ట్‌మెంటు సెల్లారు. అక్కడే నీళ్ళ మోటారు స్విచ్చి ఉంటుంది, జనరేటరు ఉంటుంది. చాలాచోట్ల ఓ మూల గదిలో వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉంటుంది, పొయ్యి వెలుగుతూ ఉంటుంది. కారు మనది, కాలితే ఇన్సూరెన్సు మనకొస్తుంది. పొయ్యి ముందు కూర్చున్న ఆ పిల్ల మాటేమిటి? ఆ అమ్మాయి ఏ కంపెనీకీ కస్టమరు కాదు, ఏ షోరూములోనూ సంతకం పెట్టలేదు. అందుకే అంటున్నాను, వాసన వస్తున్న కారుని సెల్లారులో పెట్టకండి, బయట గాలిలో ఉంచండి, స్టార్టు చేసి చూడకండి, మెకానిక్కునే ఇంటికి పిలవండి.

ఇక ఈ రికాళ్ళ భాగోతం. రికాల్ అంటే, బండిలో లోపముందని తెలిసి కంపెనీ వెనక్కి పిలిపించి ఉచితంగా బాగుచేసి ఇవ్వడం. 2010లో మారుతీ వారు లక్ష దాకా ఏ-స్టార్ కార్లని పిలిచారు, ఇంధన పంపు దగ్గర గాస్కెట్టు సరిగ్గా లేక పెట్రోలు కారే అవకాశం ఉందని. 2014 ఏప్రిల్‌లో మళ్ళీ పిలిచారు, ఈసారి 1,03,311 కార్లు. డిజైర్లు 42,481, స్విఫ్టులు 47,237, ఎర్టిగాలు 13,593. ట్యాంకులోకి పెట్రోలు పోసే గొట్టం మెడ మార్చాలన్నారు. అప్పటికి రికాల్ చెయ్యమని బలవంతపెట్టే చట్టం ఈ దేశంలో లేదు. 2012లో కార్ల కంపెనీల సంఘం తమకు తాము రాసుకున్న నియమావళి ఒకటి ఉండేది, అంతే. ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండానే పిలిచారు కాబట్టి ఆ మెప్పు వారికి ఇవ్వాల్సిందే.

అయితే ఆ ప్రకటన ఒకసారి తీరిగ్గా చదవండి. 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 లోపు తయారైన బళ్ళకే అన్నారు. ఆటో కటాఫ్ దాటి ట్యాంకు నింపితే వాసన రావచ్చు, మరీ విపరీతమైన సందర్భాల్లో కారవచ్చు అన్నారు. ఆటో కటాఫ్ అంటే బంకులో గన్ను 'టక్'మని దానంతటదే ఆగడం. మన బంకుల్లో ఆ 'టక్' దగ్గర ఆగినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? "రౌండ్ చేసేదా సార్?" అంటూ ఇంకో రెండుసార్లు నొక్కి, చిల్లర లెక్క సరిచేసి గానీ గన్ను బయటికి తియ్యడు. నొక్కేది వాడు, డబ్బిచ్చేది మనం, "అతిగా నింపారు" అనే మాట పడేదీ మనమే! ఈ దేశంలో బంకులు ఎలా నడుస్తాయో ఈ దేశంలోనే దశాబ్దాలుగా కార్లమ్మే కంపెనీకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

తారీఖుల గీత మాట. ఒక సరుకు లాట్‌లో లోపం ఉంటే ఆ లాట్ వాడిన బళ్ళనే పిలుస్తారు, అందులో అన్యాయం లేదు. పాడైన పాలప్యాకెట్టు వచ్చిన రోజునే గొడవ పెడతాం గానీ నెలంతా వచ్చిన పాలన్నీ పారబొయ్యం కదా. నా గొడవ ఏమిటంటే, ఆ గీత ఎక్కడ గియ్యాలో లెక్క వేసేదీ కంపెనీయే, గీసేదీ కంపెనీయే, సరిగ్గా గీశామని సర్టిఫికెట్టు ఇచ్చుకునేదీ కంపెనీయే. ఫిబ్రవరి అయిదున తయారైన కారుకి వాసన వస్తే? "మీ బండి లిస్టులో లేదండీ." అంతటితో సరి. లిస్టులో లేని వాసన వాసనే కాదు.

కొందరికి రికాల్ అనే మాటే పడదు. 2010లో కొన్ని నానో కార్లు మంటల్లో చిక్కుకున్నాయి. ఆ నవంబరులో టాటా వారు, అప్పటికి అమ్మిన కార్లన్నిటికీ అదనపు రక్షణ ఏర్పాట్లు ఉచితంగా బిగిస్తామన్నారు. చేసిన పని మంచిదే. కానీ, ఇది రికాల్ కాదు అని నొక్కి మరీ చెప్పారు. లక్ష రూపాయల కారని ముచ్చటపడి కొనుక్కున్న మధ్యతరగతి మనిషికి ఆ ముక్కతో ఏం అర్థమవుతుంది? కంగారేం లేదు, వీలున్నప్పుడు వెళ్ళొచ్చు అని. మాట మెత్తగా చేస్తే జనం నెమ్మదిగా కదులుతారు.

సరే, ఇప్పుడు చట్టం వచ్చింది కదా అంటారా? వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ అనే సెక్షను చేర్చారు. నిబంధనలు 2021 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చాయి. కాగితం మీద చూస్తే కళ్ళు చెమరుస్తాయి. లోపమున్న బండిని ప్రభుత్వం వెనక్కి పిలిపించవచ్చు. కంపెనీ డబ్బు తిరిగివ్వాలి, లేదా బండి మార్చాలి, లేదా బాగుచెయ్యాలి. జరిమానా కోటి రూపాయల దాకా.

కోటి అంటే మనకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ 2014లో పిలిచినన్ని కార్లకి ఆ కోటిని పంచి చూడండి, కారుకి తొంభై ఏడు రూపాయలు! కారులో వేలాడదీసుకునే సెంటు సీసా కూడా రాదు. ఇలాంటి లెక్కలకి పాత చరిత్ర ఉంది. 1973లో అమెరికాలో ఫోర్డు కంపెనీ, బండి బోల్తా పడ్డప్పుడు పెట్రోలు కారకుండా చేసే ఏర్పాటుకి బండికి 11 డాలర్లని ఒక పక్క వేసి, పోయే ప్రాణానికి రెండు లక్షల డాలర్లని ఇంకో పక్క వేసి, ఖర్చుకి తగ్గ లాభం లేదని తేల్చింది. ఆ ప్రాణం వెల కూడా అక్కడి ప్రభుత్వ సంస్థ వేసిందే లెండి. తర్వాత వాళ్ళే, పింటో అనే కారుకి వెనక నుంచి గుద్దితే ట్యాంకు చిట్లి అంటుకుంటోందని కోర్టుల్లోనూ పత్రికల్లోనూ గోల పుట్టాక, 1978లో 15 లక్షల కార్లని పిలవాల్సి వచ్చింది. చేసిందేమిటయ్యా అంటే ఓ ప్లాస్టిక్ అడ్డు పెట్టి, ట్యాంకు గొట్టం కాస్త పొడుగు చెయ్యడం.

మన చట్టంలో నాకు కడుపు మండే ముక్క ఇంకోటుంది. తయారై ఏడేళ్ళు దాటని బళ్ళకే ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఏడేళ్ళు! మన ఇళ్ళలో కారు ఏడేళ్ళకి ఇంకా కొత్తదే. లోను తీరి ఊపిరి పీల్చుకునేదే అప్పుడు. ఆ తర్వాత అది తమ్ముడికో, సెకండ్ హ్యాండులో కొనుక్కున్న స్కూలు టీచరుకో వెళుతుంది. రబ్బరు గొట్టం కొత్తలో పగలదు. మన ఎండలకి ఏళ్ళ తరబడి ఎండి, బీటలిచ్చి, అప్పుడు పగులుతుంది. అంటే కారే వయసు వచ్చేసరికి చట్టం తప్పుకుంటుంది. మళ్ళీ సిలిండరు దగ్గరికే వస్తాను. దాని మెడ దగ్గర ఎ, బి, సి, డి అంటూ ఓ అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి చూడండి. ఆ గడువు రాగానే కంపెనీ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. సిలిండరు ముసలిదవుతున్న కొద్దీ పరీక్షలు మానరు. కారు ముసలిదైతే మాత్రం చేతులు దులుపుకోవచ్చు!

ఇది చాలక ఇప్పుడు పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్ తర్వాతి బళ్ళు దాన్ని తట్టుకునేలా తయారవుతున్నాయి. ముందువాటి సంగతో? 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖవారే ఓ వివరణ ఇచ్చారు. కొన్ని పాత బళ్ళలో ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చట, ఖర్చు పెద్దదేమీ కాదట, మామూలు సర్వీసులో అయిపోతుందట. బాగుంది. ఆ పెట్రోలు కావాలని మనం అడిగామా? బంకులో వేరే రకం దొరికితే కదా ఎంచుకోవడానికి! పెట్రోలు మార్చింది వాళ్ళు, గాస్కెట్టు మార్చుకోవాల్సింది మనం. ఆ వివరణ పత్రికల్లో ఏ మూలో వచ్చింది గానీ, పాత కారున్న ఏ ఇంటికైనా ఉత్తరం వచ్చిందా, మీ బండిలో ఫలానా గొట్టం చూపించుకోండని?

ఈ పోరు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. 2024లో అక్కడ ఫోర్డువారు ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్ కార్లు 42,652 పిలిచారు, ఇంజెక్టర్లు పగిలి పెట్రోలు కారుతోందని. పగిలే ఇంజెక్టర్లు మార్చారా? లేదు. కారిన పెట్రోలు వేడి భాగాల మీద పడకుండా నేల మీదికి పోయేలా ఓ గొట్టం పెట్టి, ప్రెజరు తగ్గితే కనిపెట్టే సాఫ్ట్‌వేరు ఎక్కించారు. ఇల్లు కురుస్తోందంటే పెంకు మార్చకుండా కింద గిన్నె పెట్టినట్టు! ఇది చాలుతుందా అని అక్కడి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2025 జూలైలో అదే ఇబ్బందికి 6,94,271 కార్లని పిలిచారు. కంపెనీల తత్వం ఎక్కడైనా ఒకటే. తేడా ఏమిటంటే, అక్కడ అడిగే సంస్థ ఉంది, ఉచితంగా బాగుచేసే బాధ్యత బండి మొదట అమ్ముడైన నాటి నుంచి పదిహేనేళ్ళ దాకా ఉంది. 2015 దాకా పదేళ్ళే ఉండేది, పెంచుకున్నారు. మనకి ఏడు. మన గొట్టాలు వాళ్ళ గొట్టాలకన్నా త్వరగా మోక్షం పొందుతాయి కాబోలు.

"ప్రతి ముక్కుకీ ఓ రికాల్ అంటే వ్యాపారాలు చెయ్యగలమా?" అని కంపెనీలవారు అడగొచ్చు. ముక్కుకో రికాల్ ఎవరూ అడగడం లేదు. ఎన్ని ముక్కులు చెప్పాయో లెక్క బయటపెట్టమంటున్నాం. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే విచారణ అని నిబంధన పెట్టారు, మంచిదే. కానీ మన ఫిర్యాదు ఎన్నోదో మనకెలా తెలుస్తుంది? సర్వీస్ సెంటరులో "జనరల్ చెకప్" అని రాసి పంపేసిన వాసనలు ఏ లెక్కలోకి వెళతాయి? పరీక్షా సంస్థ చెప్పినా, ఇంకే మార్గాన తెలిసినా ప్రభుత్వం కదలొచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఆ వాక్యానికి పని చెప్పమనండి. ఏడేళ్ళ గీత చెరిపెయ్యమనండి. తారీఖుల గీత కంపెనీ గీస్తే, దాన్ని బయటివాళ్ళు తనిఖీ చెయ్యాలని అడగండి.

ఉత్తరాల సంగతి కూడా ఉంది. రికాల్ కబురు, కారు కొన్ననాడు ఇచ్చిన ఫోను నంబరుకి వెళుతుంది. ఆ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. లేదా వారి ఫోనులో వంద ప్రకటనల మధ్య పడి ఉంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని రోజూ ఆ కారు నడిపేది ఎవరో ఆ జాబితాలో ఉండదు. సెకండ్ హ్యాండు కారైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఛాసిస్ నంబరు కొడితే మీ బండి రికాల్లో ఉందో లేదో కంపెనీ సైటులోనే తెలుస్తుంది. ఆర్‌సీ కార్డు తీసి ఓసారి కొట్టి చూడండి, అయిదు నిమిషాల పని.

ఈసారి సర్వీస్ సెంటరుకి వెళ్ళినప్పుడు జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టకండి. "కారులో పెట్రోలు వాసన వస్తోంది" అని మీ మాటల్లోనే రాయించండి. తారీఖు, తిరిగిన కిలోమీటర్లు వేయించి, కాపీ చేతికి తీసుకోండి. అదే సంగతి వాహన్ పోర్టల్లో రికాల్ ఫిర్యాదుగా పెట్టండి. కారు వారి పేరు మీద ఉంటే వారిచేతే పెట్టించండి. మాటలు మాత్రం పక్కన కూర్చుని మీరే చెప్పండి, లేకపోతే అక్కడ కూడా బట్టలకి పట్టుంటుందని రాసేస్తారు.