శంకరాభరణం: భక్తులు, శిష్యులు

చలనచిత్రాల ఆయుర్దాయం స్వల్పమని లోకానుభవం చెపుతున్నది. వంద రోజులాడి ఊరూరా జేజేలందుకొన్న చిత్రాలు సైతం పదేళ్ళు తిరిగేసరికి పేరుకు మాత్రమే మిగులుతవి. ఇందుకు భిన్నంగా, 1979లో తయారై 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలైన ‘శంకరాభరణం’ నాలుగున్నర దశాబ్దాలు గడచినా తెలుగువారి ఇళ్ళలో మాసిపోక నిలిచి ఉన్నది. దానిని చూచినవారు ఒక వినోదాన్ని తలచుకొన్నట్లు గాక, ఒక తీర్థయాత్రను తలచుకొన్నట్లు తలచుకొంటారు. దర్శకులు కాశీనాథుని విశ్వనాథ్ 2023లో సరిగా ఆ ఫిబ్రవరి 2వ తేదీనే హైదరాబాదులో కన్నుమూశారు. ఆ చిత్రంలో పాడి జాతీయ బహుమతి పొందిన వాణీ జయరాం మరి రెండు రోజులకే, 4వ తేదీన, మరణించారు. ఆ వారమంతా తెలుగు ఇళ్ళలో ఆ పాటలే మ్రోగినవి.

ఇంతటి ఆరాధన కలిగిన చిత్రాన్ని గూర్చి ఒక ప్రశ్న వేయక తప్పదు. ఈ భక్తి సంగీతం మీదనా, సంగీతాన్ని చూపిన చిత్రం మీదనా? చిత్రాన్ని కొలిచే లక్షలాది జనంలో అది చెప్పిన మాటను పాటించినవారెందరు?

ఈ ప్రశ్న తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలకు మరీ దగ్గరిది. విశ్వనాథ్ కుటుంబానిది రేపల్లె ప్రాంతపు పెదపులివర్రు. గుంటూరులో హిందూ కళాశాలలోనూ, ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోనూ చదువుకొని, ఆయన మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో చేరారు. చెవి ఒగ్గి వినడమే అక్కడ ఆయన వృత్తి. 1965లో ‘ఆత్మగౌరవం’తో దర్శకులయ్యారు. గుంటూరు నుండి తెనాలికి పోయే దారిలో వడ్లమూడి ఉన్నది. దాని పొరుగున ఉన్న చేబ్రోలు 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపకు నెలవు. ‘నృత్తరత్నావళి’ రచించిన ఆ జాయప సేనాని, చేబ్రోలు గుడిలో నాట్యమాడే స్త్రీలకు ఇళ్ళు కట్టించినట్లు అక్కడి శాసనం చెపుతున్నది. ఈలపాటతో నాటకరంగాన్ని ఉర్రూతలూగించిన కల్యాణం రఘురామయ్య పుట్టిన సుద్దపల్లి ఆ చేరువదే. పద్యానికి ‘వన్స్ మోర్’ అని కేకవేసి మరల మరల పాడించుకొన్న శ్రోతల తాతముత్తాతల గడ్డ ఇది. కళాభిమానం ఈ నేలకు క్రొత్తది కాదు.

నేటి వడ్లమూడి మరొక విధంగా ప్రసిద్ధం. సంగం డెయిరీ, విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఆ ఊరి పేరును దూరప్రాంతాలకు చేర్చినవి. ఇంజనీరింగు చదువుకై వేలాది యువకులు అక్కడకు వస్తున్నారు. వారిలో ఇరవైయేళ్ళ విద్యార్థి పుట్టేనాటికే ‘శంకరాభరణా’నికి పాతికేళ్ళు నిండినవి. అయినా ఆ పాటలు అతనికి తెలుసు; తాతగారి ఇంటనో, దూరదర్శినిలోనో, చేతిలోని ఫోనులోనో విన్నాడు. కాని విన్నదానికి, నేర్చినదానికి నడుమ దూరమెంత అన్నదే విచారింపదగిన విషయం.

ఒక చిత్రాన్ని తరతరాలుగా కొలవడం తెలుగువారికే ప్రత్యేకమైన గుణం కాదు. ‘శంకరాభరణం’ తయారైన 1979లోనే ఇంగ్లండులో ‘క్వాడ్రఫీనియా’ అనే చిత్రం విడుదలైనది. ‘ది హూ’ అనే వాద్యబృందం 1973లో వెలువరించిన పాటల సంపుటి దానికి ఆధారం. కథ 1964 నాటిదైనా, చిత్రం వచ్చిన కాలం ‘పంక్’ సంగీతపు కాలం. గిటారు మీద రెండు మూడు పట్లు వస్తే చాలు, గురువక్కరలేదు, గొంతెత్తి కోపాన్ని చాటవచ్చునని నిరుద్యోగంతో విసిగిన యువకులు నమ్మిన కాలమది. ఆ చిత్రాన్ని ప్రేమించినవారు నేటికీ సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణానికి వెళ్ళి, కథానాయకుడు దాగిన ఇరుకు సందును చూచి వస్తూంటారు. గోడల మీద తమ పేర్లు వ్రాసి వస్తూంటారు.

రెండు చిత్రాలు ఒకదానికొకటి ఉత్తరదక్షిణ ధ్రువాల వంటివి. ఒకటి గురువును ధిక్కరించే యువకుని గాథ. రెండవది శిష్యుని కొరకు వేచియున్న గురువు గాథ. అయినా రెండింటి మూలాన ఉన్న వేదన ఒకటే: పాత తరానికి, క్రొత్త తరానికి మధ్య మాట తెగిపోయినది. ఆ తెగిన చోటును చూపినందువల్లనే రెండు చిత్రాలూ తమ తమ ప్రజల హృదయాలలో నిలిచినవి.

‘శంకరాభరణం’ కథ తెలియనివారు అరుదు. శంకరశాస్త్రి మహావిద్వాంసుడు. వేశ్యాకులంలో పుట్టిన తులసి ఆయన సంగీతాన్నే దైవంగా భావించినది. ఆమెకు ఆశ్రయమిచ్చినందుకు లోకం ఆయనను వెలివేసినది. కాలం మారి సభలు కరువై శాస్త్రి పేదరికంలో మగ్గుతుండగా, తులసి తన కుమారుని అనాథగా చెప్పి ఆయన చెంతకు పంపుతుంది. చివరి కచ్చేరీలో గురువు గొంతు ఆగినచోట శిష్యుని గొంతు అందుకొంటుంది. శాస్త్రి తన గండపెండేరాన్ని ఆ బాలుని కాలికి తొడిగి ప్రాణం విడుస్తాడు. చిత్రం చెప్పదలచిన మాట ఆ ఒక్క చేతలో ఉన్నది. కళకు వారసుడు నెత్తురు పంచుకొన్నవాడు కాడు, చప్పట్లు చరచినవాడూ కాడు, నేర్చినవాడు.

తారాబలం లేని ఈ చిత్రం తొలిరోజులలో పలుచని జనం ఎదుట ఆడినది. చూచినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా జనం పెరిగినారు. తెలుగు రాని తమిళ, మలయాళ ప్రేక్షకులు సైతం ఆదరించారు. 1979 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో నాలుగు దీనికి దక్కినవి: ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చిన జనరంజక చిత్రంగా ఒకటి, సంగీత దర్శకులు కె. వి. మహదేవన్‌కు ఒకటి, గాయకులు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు చెరి ఒకటి. 1981లో ఫ్రాన్సులోని బెజాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా లభించినది.

ఈ విజయం వెనుక అభిమానులు తరచు మరచే విషయమొకటి కలదు. సంగీత మహావిద్వాంసునిగా తెరపై కనబడిన జె. వి. సోమయాజులు విద్వాంసుడు కాడు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు, ‘కన్యాశుల్కం’ నాటకంలో రామప్పపంతులుగా పేరొందిన నటుడు. ఆయనకు గాత్రమిచ్చిన బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగు చదువుతూ పాటల పోటీలలో పైకివచ్చినవాడే గాని, శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖతః అభ్యసించినవాడు కాడు. తెలుగు పాటలకు ఆ బాణీలు కూర్చిన మహదేవన్ నాగర్‌కోయిల్ ప్రాంతపువాడు. తెలుగు ఆయన మాతృభాష కాదు. కృష్ణకు ఆవలి ఒడ్డున పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి సుందరరామమూర్తి పత్రికారచన నుండి పాటల రచనకు వచ్చినవాడు. పుట్టుకతో వచ్చిన అర్హత వీరిలో అందరికీ లేదు. పాత్రకు తగినంత, పాటకు తగినంత నేర్చుకొన్నారు. చిత్రం తెరమీద చెప్పిన ధర్మాన్ని చిత్రబృందం తెరవెనుక ఆచరించినది.

మరి అభిమానులు ఆచరిస్తున్నదేమిటి? ఆ పాటలను పాడని సంగీతపు పోటీ లేదు. బాలసుబ్రహ్మణ్యమే 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ ప్రారంభించి ఊరూరి పిల్లల గొంతులకు వేదిక కల్పించారు. తప్పు ఎక్కడ దొరలినదో ఓపికగా చెప్పి సవరించిన ఆయన పద్ధతి ఒక పాఠశాల వంటిది. చిత్రపు ప్రతిని శుభ్రపరచి 2022లో గోవాలో జరిగిన అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఇవన్నీ మంచి పనులే. వీటిని తక్కువ చేయనక్కరలేదు. కాని నాలుగు నిమిషాల పాటను కంఠస్థం చేయడం వేరు, సరళీ వరుసలతో మొదలై ఏళ్ళ తరబడి సాగే సాధన వేరు. మొదటిది భక్తి, రెండవది శిష్యరికం. భక్తుడు ప్రతిమకు నమస్కరించి ఇంటికి పోతాడు. శిష్యుడు తెల్లవారగానే మరల వస్తాడు. ‘శంకరాభరణా’నికి భక్తులు కోకొల్లలు. శిష్యుల లెక్క మాత్రం ఆ చిత్రపు ప్రదర్శనశాలలలో తేలేది కాదు. సంగీతపాఠం జరిగే చిన్న గదిలో, చాప మీద కూర్చున్న పిల్లల సంఖ్యలో తేలుతుంది.

భక్తికి మరొక లోపం కూడ ఉన్నది, అది ప్రశ్నింపదు. తులసి పాత్రనే తీసికొన్నచో, ఆమెకు కళ తెలుసు, నాట్యం తెలుసు, సంగీతపు విలువ అందరికంటె ముందు తెలుసు. అయినా విద్య ఆమెకు గాక ఆమె కుమారునికి అందుతుంది. ఆమె గురుపాదాల చెంత ప్రాణం విడుస్తుంది. చేబ్రోలు శాసనపు నర్తకుల నాటినుండి ఈ కళలను ఒడిలో పెట్టుకొని కాపాడినవారు ఆ కులపు స్త్రీలే. దేవాలయాలకు బాలికలను అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు శాసనసభ చట్టం ద్వారా నిషేధించినది. అది న్యాయమైన చట్టం. కాని దురాచారం పోయినప్పుడు, దానితోపాటు ఆ స్త్రీల విద్యకు రావలసిన గౌరవం కూడ పోయినది. చిత్రాన్ని నిజంగా ప్రేమించేవారు తులసి కన్నీటితో పాటు ఆమె విద్యను గూర్చి కూడ ఆలోచింపవలసి ఉన్నది.

గురువు విషయంలోనూ అంతే. అల్లరి యువకులు పాశ్చాత్య బాణీలో పాడి హేళన చేసినప్పుడు, శంకరశాస్త్రి వారి పాటను తాను పాడి చూపి, ఆపైననే తన పాటను పాడమని వారిని అడుగుతాడు. వారి సంగీతాన్ని వినకుండ త్రోసివేయలేదు. అభిమానులలో పలువురు ఆ ఘట్టాన్ని క్రొత్తతరం మీద విజయంగా మాత్రమే చెప్పుకొంటారు. అందులోని వినే గుణాన్ని విస్మరిస్తారు. గురువులందరు శంకరశాస్త్రులు కారని విశ్వనాథ్‌కు తెలియును. 1992లో ఆయనే తీసిన ‘స్వాతికిరణం’లో శిష్యుని ప్రతిభను ఓర్వలేని గురువు ఒక పసిప్రాణం పోవడానికి కారకుడవుతాడు. మొదటి చిత్రాన్ని పూజించేవారు రెండవ చిత్రాన్ని కూడ చదువుకొంటే గాని పాఠం పూర్తి కాదు. ముఖ్యంగా ఉపాధ్యాయులకు ఆ రెండు చిత్రాలు ఒకే పుస్తకపు రెండు పుటల వంటివి.

ఇక చేయదగినదేమిటి? పాఠ్యాంశాలకు, పాఠ్యేతర కళలకు నడుమ అడ్డుగోడ ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పినది. కాగితం మీద గోడ కూలినంత మాత్రాన కాలపట్టికలో కూలదు. పరీక్షలు దగ్గరపడగానే మొదట పోయేది సంగీతపు గంటయే. 1919లో స్థాపితమై ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా వెలసిన విజయనగరం సంగీత కళాశాల నేటికీ ఉన్నది; అటువంటి సంస్థలలో శిక్షణ పొంది వచ్చిన యువతీయువకులకు పాఠశాలలో ఒక బల్ల, ఒక తంబుర, వారానికి రెండు గంటలు దొరికితే చాలు. అందరు పిల్లలు విద్వాంసులు కానక్కరలేదు. షడ్జమానికి, పంచమానికి భేదం తెలిసిన చెవి ఒక్కొక్క తరగతిలో పదిమందికి ఏర్పడితే, సభలలో ఖాళీ కుర్చీలు వాటంతట అవే నిండుతవి.

‘శంకరాభరణం’లో ఒక సంగీతపు మేష్టారు కీర్తనను వంకరగా నేర్పుతుండగా శాస్త్రి ఆగ్రహంతో మందలిస్తాడు. ప్రేక్షకులు ఆ ఘట్టానికి చప్పట్లు చరుస్తారు. చప్పట్లు చరచినవారిలో ఎందరికి ఆ కీర్తన సరియైన రూపం తెలుసునన్నది ఎవరికివారు వేసికొనవలసిన ప్రశ్న. మైసూరు వాసుదేవాచార్యులు, భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు రచించిన కృతులు ఆ చిత్రం ద్వారా కోట్ల చెవులను చేరినవి. చేరినవానిని నిలుపుకొనే బాధ్యత చిత్రానిది కాదు, విన్నవారిది.

ఆ గాథను తెరకెక్కించినవారిలో విశ్వనాథ్, మహదేవన్, వేటూరి, సోమయాజులు, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు, మాటలు వ్రాసిన జంధ్యాల నేడు లేరు. గురువు గొంతు ఆగినది. వడ్లమూడి నుండి రేపల్లె దాకా ఉన్న తరగతి గదులలో అందుకొనే గొంతు ఉన్నదా, లేదా అన్నది ఇక ఉపాధ్యాయుల చేతిలోనూ, పిల్లల చేతిలోనూ ఉన్నది. వచ్చే ఫిబ్రవరి 2వ తేదీన ఆ పాటను మరొకసారి వినడంతో ఆగక, ఏదో ఒక పాఠశాలలో ఒక బాలిక తొలి సరళీ వరుస మొదలుపెట్టినచో, ఆ చిత్రానికి అంతకు మించిన జయంతి వేరొకటి ఉండదు.