దేవిడీ అంటే దర్బారు హాలు ఒక్కటే కాదు
గుర్రపుశాలలు, వంటశాలలు పోతే మిగిలేది సగం ఇల్లే

హైదరాబాద్, పాతబస్తీ: హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీకి ఇటీవలి సంవత్సరాలలో మరమ్మతులు చేపట్టడంతో పాతబస్తీ దేవిడీల రక్షణ మళ్లీ చర్చకు వచ్చింది. ఇది హర్షించదగిన విషయమే. అయితే దేవిడీల గురించి మాట్లాడేవారి చూపు సాధారణంగా ఎత్తయిన స్తంభాల దగ్గరే ఆగిపోతోంది. చుట్టూ ఉండే చిన్న కట్టడాలు ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

పల్లెలో దొర గడీ ఎలాంటిదో నగరంలో నవాబు దేవిడీ అలాంటిది. గడీలో నివాసంతోపాటు గొడ్ల కొట్టం, ధాన్యపు గాదెలు, బావి ఉండేవి. దేవిడీకి వీధి వైపు పెద్ద దర్వాజా, కావలివారి గదులు, లోపల మగవారికి మర్దానా, ఆడవారికి జనానా, నడుమ విశాలమైన వాకిళ్లు ఉండేవి. వంటశాలలు, గుర్రపుశాలలు, బగ్గీల కొట్టాలు, నౌకర్ల ఇళ్లు విడిగా ఉండేవి. ఖుర్షీద్ జా వంశమైన పాయిగా నవాబులకు నిజాం కోసం సైన్యాన్ని పోషించే బాధ్యత ఉండేది. కనుక వారి ఇంట గుర్రపుశాల ఆడంబరం కాదు, అవసరం.

ముందు కూలేవి ఇవే

1949లో జాగీర్లు రద్దయ్యాయి. రాబడి తగ్గింది, గుర్రాలు పోయాయి, ఆస్తులు వారసుల మధ్య చీలిపోయాయి. పని లేని కొట్టం ముందుగా పాడుపడింది. సాలార్ జంగుల దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న మ్యూజియం ప్రారంభమైంది. 1968లో అది ఇప్పటి భవనానికి తరలిపోయింది. తర్వాత దేవిడీ కూలిపోగా, ఆ స్థలంలో దుకాణాలు వెలిశాయి. నేడు గుర్తుగా నిలిచినవి దర్వాజాలే. మాల్వాలా దేవిడీ 2000లో నేలమట్టమైంది.

చౌమహల్లా ప్యాలెస్ మరమ్మతులకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది. అక్కడ వాకిళ్లు, పాత బగ్గీలు చూసినవారికి ఆనాటి ఇంటి నడక అర్థమవుతుంది. కాని ఒకప్పటి 45 ఎకరాలలో నేడు మిగిలింది మూడో వంతు కన్నా తక్కువే.

చట్టం, సున్నం

నగరంలోని వారసత్వ భవనాలకు రక్షణగా ఉన్న 13వ జోనింగ్ నిబంధనను ప్రభుత్వం 2015 డిసెంబరులో తొలగించింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. అయినా పాతబస్తీ వెలుపలి ఇరమ్ మంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. కోర్టుకు వెళ్లేవారు లేని కొట్టాల గతి ఏమిటన్నది ప్రశ్న.

మరమ్మతులోనూ జాగ్రత్త అవసరం. డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. కొన్నేళ్లకే పెచ్చులూడుతుంది.

ఏ దేవిడీకి మరమ్మతు తలపెట్టినా, ముందుగా ఆవరణలోని ప్రతి గదినీ, కొట్టాన్నీ, బావినీ నక్షాలో చేర్చాలి. నౌకర్ల ఇళ్లలో తరాలుగా కాపురముంటున్నవారు ఉంటే వారికి దారి చూపిన తర్వాతే పని మొదలుపెట్టాలి. నవాబు కూర్చున్న హాలును మాత్రమే నిలిపి, ఆ ఇంటిని నడిపినవారి చోటు చెరిపివేస్తే చరిత్ర సగమే మిగులుతుందని అధికారులు గుర్తించాలి.