రెండో మైలు

మా తెలుగు చర్చిల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది: లోకంలో కలిసిపోకూడదు. రోమీయులకు పౌలు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయంలో ఉంది. ఆ మాటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మనం దాన్ని ఎక్కడ బయటకు తీస్తామన్న దాని మీదే. పక్కింటివాళ్ళు దీపావళికి ఇచ్చిన లడ్డూ తినొచ్చా? ఆఫీసులో దసరా పార్టీకి వెళ్ళొచ్చా? హాలోవీన్ రోజు తలుపు తట్టిన పిల్లలకి చాక్లెట్లు ఇవ్వొచ్చా? ఇలాంటి చోట్ల ఆ వాక్యం ఠక్కున గుర్తొస్తుంది. వీసా కాగితాలు, పన్నులు, ఇంటద్దె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకో వాక్యం అందుకుంటాం. "అందరూ చేస్తున్నదే కదా బ్రదర్."

ఈ మధ్య నాకు ఇది కాస్త దగ్గరగానే తగిలింది.

నేను కాల్గరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాను. ఇక్కడ చాలామంది ఐటీ వాళ్ళలాగే పన్నుల సౌకర్యం కోసం ఒక చిన్న కంపెనీ రిజిస్టర్ చేసుకున్నాను. అందులో ఉద్యోగిని నేనొక్కడినే. చర్చిలో పరిచయమైన ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ ఇంకో సంవత్సరం పైచిలుకు మిగిలింది, గోడౌనులో నైట్ షిఫ్టు చేస్తున్నాడు. పీఆర్ కోసం కంప్యూటర్ పనిలో ఏడాది అనుభవం చూపించాలి. "అన్నయ్యా, మీ కంపెనీలో చేస్తున్నట్టు పెట్టండి. జీతం డబ్బులు నేనే మీకు క్యాష్ ఇస్తాను, మీరు పేరోల్ తిప్పండి. టాక్సు కూడా నాదే. మీకేం నష్టం ఉండదు."

ఇది వాడు కనిపెట్టిన ఉపాయం కాదు, బజార్లో నడుస్తున్నదే. దొరికితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఐదేళ్ళు కెనడా గడప తొక్కనివ్వరు. ఇంటి దగ్గర చేసిన అప్పు మాత్రం ఐదేళ్ళు ఆగదు.

కుదరదని చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి అంతా విని, వాడు వెళ్ళాక ఒక్క మాట అంది: "కాదన్నావు, బాగానే ఉంది. మరి ఇప్పుడు వాడేం చెయ్యాలి?"

ఆ ప్రశ్న నన్ను కొండమీద ప్రసంగం దగ్గరికి తీసుకెళ్ళింది. యేసు కాలంలో రోమా సైనికుడు దారిన పోయేవాణ్ణి పట్టుకుని తన మూట మోయించుకునేవాడు. అది ఆనాటి బలవంతపు చాకిరీ. అలా ఒక మైలు మోయమంటే రెండు మైళ్ళు మొయ్యమన్నాడు యేసు. మొదటి మైలు ఎవరైనా నడుస్తారు, తప్పదు కాబట్టి. రెండోదే మనిషి సొంతం.

కాల్గరీలో ఉన్నవాళ్ళకి దీన్ని మంచుతో చెప్పొచ్చు. మంచు పడటం ఆగిన 24 గంటల్లో ఎవరి ఇంటి ముందు కాలిబాట వాళ్ళు శుభ్రం చెయ్యాలని నగరం నిబంధన. అది మొదటి మైలు. పార పట్టుకుని పక్కింటి ముసలాయన వైపుకి కూడా వెళ్ళమని ఏ చట్టమూ చెప్పదు. నేను అబద్ధపు లెటరు ఇవ్వకపోవడం కూడా మొదటి మైలే. చట్టం ఎలాగూ వద్దంది, దాన్ని నా భక్తి ఖాతాలో ఎలా రాసుకోను?

మనకీ కెనడాకీ మధ్య ఈ రెండో మైలు కథ పాతదే. మాది శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడు ఊళ్ళో ఎవరైనా ముసలివాళ్ళు సోడాబుడ్డి కళ్ళద్దాలతో కనపడితే, సోంపేట వెళ్ళొచ్చారని అనుకునేవాళ్ళం. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రి కెనడా బాప్టిస్టులది. డాక్టర్ బెన్ గల్లిసన్ అనే కెనడా వైద్యుడు అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవాడు. అప్పట్లో శుక్లం తీయడమంటే కంటిలోని కటకం మొత్తం తీసెయ్యడమే. లోపల కొత్తది పెట్టే పద్ధతి మన పల్లెలకి ఇంకా రాలేదు. అందుకే ఆ మందపాటి అద్దాలు.

1963లో గల్లిసన్ కాల్గరీ వచ్చినప్పుడు ఆర్ట్ జెంకిన్స్ అనే స్థానిక వ్యాపారికి ఒక లెక్క చెప్పాడు: 25 డాలర్లుంటే ఒక మనిషికి చూపు వస్తుంది. జెంకిన్స్ డాక్టరు కాదు, పాస్టరూ కాదు. సోంపేటకి వచ్చి తాను చెయ్యగలిగే ఆపరేషను ఏదీ లేదు. అతను చేసింది తనకు చేతనైన పనే. ఉన్న ఊళ్ళోనే ఉండి, తెలిసినవాళ్ళని అడిగి డబ్బు కూడబెట్టాడు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా కాల్గరీలో పుట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో పనిచేస్తోంది. నేను రోజూ రైలు దిగి ఆఫీసుకి నడిచే ఊళ్ళోనే, మా జిల్లా ముసలివాళ్ళ కళ్ళ కోసం ఒక వ్యాపారి చెయ్యి చాపాడన్న సంగతి ఇక్కడికొచ్చిన చాన్నాళ్ళకి గానీ నాకు తెలియలేదు.

అసలు కెనడా బాప్టిస్టుల్ని మన దగ్గరికి రప్పించిందీ ఒక తెలుగువాడే. థామస్ గాబ్రియేల్ అని, తంతి శాఖలో ఉద్యోగి. తంతి అంటే ఆ రోజుల్లో అదే ఐటీ! ఆ ఉద్యోగం వదిలేసి కాకినాడ ప్రాంతంలో పేదల మధ్య పని మొదలుపెట్టి, అప్పులపాలై, కెనడా వాళ్ళకి కబురు పెట్టాడు. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చి ఆ పని అందుకున్నాడు. మిషన్ చరిత్రలో మనం దొరల పేర్లే గుర్తు పెట్టుకుంటాం. మొదట మూట ఎత్తుకున్నది మాత్రం నెల జీతం వదులుకున్న మనవాడు.

ఇదంతా చదివి, మంచితనానికి క్రైస్తవం ఎందుకు అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేం ఊళ్ళో లేనప్పుడు మా ఇంటి ముందు మంచు తీసేది ఎదురింటి పంజాబీ అంకుల్. ఆయన గురుద్వారాలో ఆకలితో వచ్చినవాణ్ణి ఎవరివని అడగకుండా అన్నం పెడతారు. యేసు చెప్పిన మంచి సమరయుడి కథలో కూడా ఆగి సాయం చేసినవాడు యూదులు తమవాడిగా లెక్కపెట్టని మనిషే. యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి తప్పుకుపోయారు. కాబట్టి మంచితనం మీద మాకు పేటెంటు లేదు. నా వరకు విశ్వాసం చేసే పనల్లా, నేను రెండు నిమిషాల్లో "కాదు" అని చెప్పి చేతులు దులుపుకుంటే నన్ను నిద్రపోనివ్వకపోవడం.

ఆ ఆదివారం ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "సాటి విశ్వాసికి ఆ మాత్రం సాయం చేస్తే ఏం పోయింది?" అన్నారు. ఇంకొకరు నా వెనకాల "పెద్ద నీతిమంతుడు" అన్నట్టు తెలిసింది. ఈయన తిట్టిన తిట్టు బైబిల్లో మెప్పు కదా అని ఇంటికొచ్చి నవ్వుకున్నాం గానీ, గుచ్చుకోలేదంటే అబద్ధమవుతుంది.

వాడికి నేనే ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ దగ్గరికి తీసుకెళ్ళాను, ఫీజు నేను కట్టాను. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది: నగరం వదిలి అల్బర్టా చిన్న ఊళ్ళలో నిజమైన ఉద్యోగం వెతుక్కుంటే ప్రావిన్సు ద్వారా ఒక దారి ఉంది, గ్యారంటీ మాత్రం లేదు. ఆరోజు నుంచి మంగళ, గురువారాలు సాయంత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర వాడికి ఎస్‌క్యూఎల్, టెస్టింగ్, ఇంటర్వ్యూ ప్రశ్నలు. నైట్ షిఫ్టుకి వెళ్ళే ముందు మా ఆవిడ అన్నం పెడుతుంది. నాకు ఆ రెండు రోజులూ మా పాపని ఈతకి తీసుకెళ్ళే పని తప్పింది, ఆ పని మా ఆవిడ మీద పడింది. రెండో మైలు నేను నడుస్తున్నానని చెప్పుకుంటున్నాను గానీ, మూటలో సగం ఆవిడ మోస్తోంది.

ఇప్పటికి పదిహేడు దరఖాస్తులు, రెండు ఇంటర్వ్యూలు, ఉద్యోగం ఇంకా లేదు. లెటరు ఇచ్చేవాడు ఎవడో ఎడ్మంటన్‌లో దొరికాడని మొన్న గురువారం వాడే చెప్పాడు. ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాను. ప్లేటు వైపు చూస్తూ, "ఇంకా ఏమీ చెప్పలేదన్నయ్యా వాడికి" అన్నాడు. మళ్ళీ మంగళవారం వస్తానన్నాడు. నేను నల్గొండ కుర్రాడొకడు అడిగిన ఇంటర్వ్యూ ప్రశ్నలు సంపాదించి, ప్రింటు తీసి పెట్టాను.